ఎలుగ్గుంటడి రెండ్రోజులు

బడి నుంచి మా ఢిల్లేశ్వరి తెచ్చింది,
క్యారేజీ సంచిలో కూర్చోబెట్టి.
జానెడు గుడ్డ ఎలుగు.
నెత్తిన గనికూలీ టోపీ, టోపీకి గుండీ అంత దీపం.
ఒక చెవి ఎవరో ఎర్రదారంతో మళ్ళీ కుట్టారు.

జర్మనీలో బొగ్గు గనుల ఊరంట దాంది.
ఊరూరూ తిరగడమే దాని పని.
ఎవరింట్లో దిగితే వాళ్ళు రెండ్రోజులు తిప్పి,
మెడకు కట్టిన పుస్తకంలో చూసిందంతా రాసి,
ఇంకో ఊరికి పంపెయ్యాలి.
మాస్టారు చీటీలేస్తే మా గుంట పేరొచ్చింది.
"నాన్నా, నీకు ఆటో ఉంది కదేటి" అంది.
అదొక్కటే ఉందమ్మా ఇప్పుడు.

అద్దానికి వేలాడే నిమ్మకాయ పక్కన కట్టాం.
నెల్లిమర్ల, గుర్ల, గరివిడి.
గోగు నానబెట్టిన మడుగు దగ్గర
ప్యాసింజర్లంతా ముక్కు మూసుకున్నారు,
ఎలుగ్గుంటడు మూసుకోలేదు.
మాంగనీసు గుట్ట పక్కన టీ తాగాను.
పది రూపాయలు, అది కూడా రాసేసింది పిల్ల.
దుమ్ము పడి వాడి ముక్కు ఇంకా నల్లబడింది.
కొలిమి కాడ్నుంచి షిఫ్టు దిగొస్తున్న బోణం సూరప్పడు
వాణ్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.
"ఈడి మొకం సూడు, నైటు డూటీ సేసినట్టే ఉన్నాడు."

రాత్రి పుస్తకం తిరగేశాం.
ఆ అక్షరాలు మాకు రావు, ఫొటోలొచ్చు.
చల్లారిపోయిన పెద్ద కొలిమి,
దాని నడుముదాకా పాకిన తీగలు.
బొగ్గుబూడిద గుట్ట మీద గడ్డి,
గడ్డి మీద ముసలాళ్ళు, కుక్కలు, సైకిళ్ళు.
ఒక దాంట్లో ఎలుగ్గుంటడు
ఏనుగంత ఇనప చక్రం మీద కూర్చున్నాడు.
"ఆళ్ళ మిల్లూ మూసీసారేటి నాన్నా?"
మూసేసినట్టే ఉంది.
"మరి లోపల్కి ఎలాగెల్నిస్తన్నారు?"
లైటార్పి పడుకోమన్నాను.

రెండోరోజు పొద్దున్నే జూట్‌మిల్లు గేటు.
తాళం మీద తుప్పు,
నోటీసు మీద ఇంకో నోటీసు.
వాచ్‌మన్ తవిటినాయుడు బీడీ పారేసి చెప్పాడు:
"నిన్ను పంపితే నా ఉజ్జోగం పోద్ది.
బొమ్మకైతే రూలు లేదు."

ఊచల సందులోంచి ఇచ్చాను.
వాణ్ని చంకనెట్టుకుని
స్పిన్నింగు వైపు నడిచిపోయాడు,
ఇరవైరెండేళ్ళు నేను నడిచిన దారే.
ఎడమకి తిరగ్గానే నూనె వాసన తగులుతుంది,
మూడో స్తంభం మీద మేకుతో గీసిన నా పేరుంటుంది,
చూపించమని చెప్పడం మర్చిపోయాను.
ఊచలు పట్టుకుని నిలబడ్డాం ఇద్దరం.
గేటుకి ఇవతల నుంచి మిల్లు ఇంత చిన్నగా ఉంటుందని
నాకెప్పుడూ తెలీదు.

తిరిగొచ్చిన వాడి ఒంటినిండా నార నూగు.
టోపీలో, చంకల్లో, ఎర్రదారం కుట్టులో.
"ఏటి సూపించేవు?"
"ఏటుంది. పావురాలు" అన్నాడు నాయుడు.

ఇంటికొచ్చాక పిల్ల సబ్బూ బకెట్టూ తెచ్చింది.
వద్దన్నాను.
ఇలా నూగుతోనే ఇంటికొచ్చేవాణ్ని నేనూ.
గుమ్మంలో మా ఆవిడ తువ్వాలుతో దులిపేది,
ఎంత దులిపినా అన్నంలో ఒక పోగు తగిలేది.
విసుక్కునేవాణ్ని అప్పుడు.

తర్వాతి ఊరు పేరు నాకు నోరు తిరగలేదు.
పోస్టాఫీసు గుమస్తా కాగితం తిప్పి అడిగాడు:
"లోపలేటి? వెలెంత?
పాతది, వెల లేదు అని రాసీ, తొరగా ఎల్లిపోద్ది."
పెన్ను పట్టుకున్నది మా పిల్ల.
నా వైపు చూసింది.
పాతదని రాయమ్మా, అన్నాను.
రెండో మాట రాయకు.

ఆ గడి ఖాళీగా పెడితే కుదరదన్నాడు.
వెనక లైను పెరుగుతోంది.
ఢిల్లేశ్వరి కాసేపు పెన్ను కొరికి
ఇరవైరెండు అని వేసింది.
రూపాయలో, ఇంకేటో,
రాయలేదు.